ఒక ఆపరేషన్‌తో ముగిసిన జీవితం, ఒక ఆసుపత్రికి మిగిలిన పేరు: బస్తర్ మహారాణి ప్రఫుల్ల కుమారీ దేవి

1936 ఫిబ్రవరి 28న లండన్‌లో ఒక యువతి చనిపోయారు. వయసు పాతికేళ్లు దాటీ దాటలేదు. నలుగురు పిల్లల తల్లి. ఆమెకు వచ్చింది అపెండిసైటిస్. మన పల్లెల్లో 24 గంటల కడుపునొప్పి అని పిలుస్తారే, అదే. దానికి జరిగిన ఆపరేషన్‌తో ఆమె కథ ముగిసింది.

ఆ యువతి పేరు ప్రఫుల్ల కుమారీ దేవి. బస్తర్ సంస్థానానికి మహారాణి. రాజుగారి భార్య కావడం వల్ల వచ్చిన హోదా కాదది. సింహాసనం ఆమెదే. బస్తర్‌ను ఏలిన ఏకైక మహిళ ఆమె. తెలుగు పాఠకులకు ఇంకో మాట కూడా చెప్పాలి. ఓరుగల్లులో 1323లో ముగిసిపోయిందని మనం బడిలో చదువుకున్న కాకతీయ వంశం తాలూకు గద్దె మీద ఆమె కూర్చున్నారు.

జగదల్‌పూర్ నడిబొడ్డున ఉన్న పాత ప్రభుత్వాసుపత్రిని ఇప్పటికీ మహారాణి ఆసుపత్రి అనే అంటారు. ఆ మహారాణి ఈమే. ఆపరేషన్‌తో ప్రాణం పోయిన మనిషి పేరు, ఆపరేషన్లు చేసే చోటుకు మిగిలింది. ఆమె జీవితాన్ని అక్కడి నుంచి వెనక్కి చదివితే, రాజకీయాల కింద మరుగున పడిన ఒక వైద్య ప్రశ్న కూడా బయటికొస్తుంది. కత్తి పట్టిన డాక్టరు గురించి అందరూ మాట్లాడతారు. రోగి ఊపిరిని కాచుకుని కూర్చునే డాక్టరు గురించి ఎవరు మాట్లాడతారు?

ఓరుగల్లు నుంచి దంతెవాడకు

కాకతీయ ప్రతాపరుద్రుడు ఢిల్లీ సుల్తానుల సేనలకు ఓడిపోయాక, ఆయన తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి ఉత్తరాన అడవుల్లోకి వెళ్లాడని బస్తర్ రాజవంశ చరిత్ర చెబుతుంది. కులదేవత దంతేశ్వరి వెంట వస్తానని మాట ఇచ్చిందట. వెనక్కి తిరిగి చూడకూడదన్నది షరతు. అమ్మవారి కాలి అందెల చప్పుడు వింటూ అతను నడిచాడు. శంఖిని, డంకిని నదులు కలిసేచోట ఇసుకలో అందెల చప్పుడు వినబడలేదు. అతను తిరిగి చూశాడు. అమ్మవారు అక్కడే నిలిచిపోయింది. నేటి దంతెవాడ గుడి అదేనని జనం నమ్మకం.

రాజధాని చాలాసార్లు మారి, 18వ శతాబ్దంలో దళపతిదేవుని కాలంలో ఇంద్రావతి ఒడ్డున ఉన్న జగదల్‌పూర్‌కు చేరింది. బ్రిటిష్ కాలంలో బస్తర్ విస్తీర్ణం 13 వేల చదరపు మైళ్లు. బెల్జియం దేశం కంటే పెద్దది. దక్షిణాన భూపాలపట్నం, కోంటా వైపు తెలుగు మాట వినపడుతుంది. ఉత్తరాన గోండు, హల్బీ. తూర్పున ఒడియా గాలి. ఇంత పెద్ద రాజ్యంలో అప్పటికి రోడ్లు తక్కువ, బడులు తక్కువ, ఆసుపత్రులు ఇంకా తక్కువ.

భూమి కంపించిన ఏడాది

ప్రఫుల్ల కుమారి పుట్టింది 1910 ప్రాంతంలో. అదే ఏడాది ఫిబ్రవరిలో బస్తర్‌లో భూమ్‌కాల్ మొదలైంది. భూకంపం అని ఆ మాటకు అర్థం. రిజర్వు ఫారెస్టు పేరుతో బ్రిటిష్ ప్రభుత్వం అడవిలో మూడింట రెండు వంతులను ఆదివాసులకు దూరం చేయబోయింది. వెట్టి, అధికారుల జులుం అప్పటికే ఉన్నాయి. మిరపకాయలు కట్టిన మామిడి కొమ్మలు ఊరూరా తిరిగాయి. అవి తిరుగుబాటుకు కబురు. నేతానార్ గ్రామానికి చెందిన గుండా ధుర్ నాయకుడయ్యాడు. తిరుగుబాటును సైన్యంతో అణచివేశారు గానీ గుండా ధుర్ మాత్రం దొరకలేదు. రిజర్వు చేయదలచిన అడవి విస్తీర్ణాన్ని ప్రభుత్వం బాగా తగ్గించుకోవాల్సి వచ్చింది.

అప్పటి రాజు రుద్రప్రతాప్ దేవ్, ప్రఫుల్ల కుమారి తండ్రి. ఆయనా పసితనంలోనే గద్దెనెక్కినవాడే. రాయ్‌పూర్‌లోని రాజకుమార్ కాలేజీలో చదువుకున్నాడు. చౌరస్తాల ఊరుగా పేరున్న నేటి జగదల్‌పూర్ రూపురేఖలకు ఆయన కాలమే పునాది అంటారు. ఆయనకు కొడుకులు లేరు. ఒక్కగానొక్క కూతురు. 1921 నవంబరులో ఆయన చనిపోయేసరికి ఆ కూతురికి పన్నెండేళ్లు కూడా నిండలేదు.

ఆడపిల్లకు గద్దె ఇవ్వాలా, దాయాదుల్లో మగవారిని వెతకాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం అమ్మాయి వైపే మొగ్గింది. ఇందులో ఆడపిల్లల మీద గౌరవం కంటే పాలకుల అవసరమే ఎక్కువ. గద్దె మీద మైనరు ఉంటే పాలన తమ అధికారుల చేతిలో ఉంటుంది. బస్తర్‌కు అది కొత్త కూడా కాదు. తండ్రి చిన్నతనంలోనూ అదే జరిగింది. భూమ్‌కాల్ తర్వాత అయితే ఈ అడవి రాజ్యాన్ని పూర్తిగా స్థానికులకు వదిలే ఉద్దేశం వారికి లేదు.

ఆ విధంగా 1922లో ఒక చిన్న పిల్ల బస్తర్ పాలకురాలైంది. కాగితం మీద సంస్థానం ఆమెది. కచేరీలో సంతకం దివానుదో, అడ్మినిస్ట్రేటరుదో. వారిలో ఒకరు డబ్ల్యూ.వి. గ్రిగ్సన్. 1927 నుంచి 1931 దాకా బస్తర్‌లో అడ్మినిస్ట్రేటరుగా ఉండి, మారియా గోండుల మీద ప్రామాణికమైన పుస్తకం రాశాడు. తర్వాత హైదరాబాద్ సంస్థానంలో ఉన్నత పదవి చేశాడు. ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన హైమండార్ఫ్‌కు అండగా నిలిచింది ఆయనే. ఒకే అధికారి జీవితంలో బస్తర్, హైదరాబాద్ ఇలా ముడిపడ్డాయి. ఆ రెండు సంస్థానాల మధ్య ఇంకో ముడి కూడా ఉంది. అది అంత మంచిది కాదు.

జనానికి ఆమె ఎవరు?

పాలన అధికారుల చేతుల్లో ఉన్నా, జనం దృష్టిలో రాజగద్దెకు ఇంకో అర్థం ఉంది. బస్తర్‌లో రాజు అంటే దంతేశ్వరి అమ్మవారికి ప్రధాన పూజారి. బస్తర్ దసరా రావణుడిని కాల్చే పండగ కాదు. అమ్మవారి పండగ. దాదాపు 75 రోజులు సాగుతుంది. పెద్ద కొయ్య రథాన్ని ఒక్కో పనికి ఒక్కో ఊరు, ఒక్కో తెగ చొప్పున పంచుకుని కడతారు. తాళ్లు పేనేది ఒకరు, కలప తెచ్చేది ఒకరు, లాగేది మరొకరు. మురియా దర్బారులో ఊరి పెద్దలు తమ కష్టాలు చెప్పుకుంటారు. గద్దె మీద ఎవరున్నా, ఆ గద్దెకూ గూడేనికీ మధ్య ఈ బంధం తెగలేదు. ప్రఫుల్ల కుమారి మీద జనానికి ఉన్న అభిమానం ఆ బంధం నుంచి వచ్చిందే.

ఆమెకు ఒడిశాలోని మయూర్‌భంజ్ రాజకుటుంబానికి చెందిన ప్రఫుల్ల చంద్ర భంజ్ దేవ్‌తో పెళ్లయింది. భార్యాభర్తలిద్దరి పేరూ ప్రఫుల్లే కావడం విశేషం. కాకతీయుల గద్దెకు భంజ్ దేవ్ ఇంటిపేరు చేరింది ఈ పెళ్లితోనే. ఆయన చదువుకున్నవాడు, పాలనలో తనకూ మాట ఉండాలనుకున్నవాడు. బ్రిటిష్ అధికారులకు ఆయన పొడ గిట్టలేదు. రాణిగారి భర్తగా తప్ప ఆయనకు ఎలాంటి అధికారమూ దక్కనివ్వలేదు. 1929 జూన్ 25న వారికి కొడుకు పుట్టాడు. పేరు ప్రవీర్ చంద్ర. వారికి ఇంకో అబ్బాయి, ఇద్దరు అమ్మాయిలు కూడా ఉన్నారు.

కొండలో ఇనుము

బస్తర్‌కు దక్షిణాన బైలదిల్లా కొండలున్నాయి. ఎద్దు మూపురంలా కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు. ఆ కొండల నిండా నాణ్యమైన ఇనుప ఖనిజం ఉందని 19వ శతాబ్దం చివరికే భూగర్భ శాస్త్రవేత్తలకు తెలుసు. బస్తర్ సరిహద్దు అవతలే నిజాం రాజ్యం. బైలదిల్లా ప్రాంతాన్ని, ఆ మాటకొస్తే బస్తర్‌నే, నిజాంకు అప్పగించే ఆలోచన బ్రిటిష్ వారిలో ఉండేదని, మహారాణి దంపతులు దానికి ఒప్పుకోలేదని బస్తర్‌లో బలంగా వినిపించే వాదన. ఆమె కొడుకు ప్రవీర్ చంద్ర కూడా తర్వాతి కాలంలో ఈ మాట గట్టిగా నమ్మాడు.

అందుకే లండన్ నుంచి మరణవార్త వచ్చినప్పుడు జగదల్‌పూర్‌లో చాలామంది దాన్ని మామూలు చావుగా తీసుకోలేదు. పాతికేళ్ల రాణి ఏమిటి, అపెండిక్స్ ఆపరేషన్ ఏమిటి, ప్రపంచంలో అంత గొప్ప డాక్టర్లున్న ఊళ్లో చనిపోవడం ఏమిటి? అనుమానం అక్కడ మొదలై, తరతరాలుగా సాగింది. నేటికీ ఆమె గురించి రాసిన ప్రతి వ్యాసంలో అనుమానాస్పద మరణం అన్న మాట కనిపిస్తుంది.

అనుమానానికి రాజకీయ కారణాలు ఉన్నాయి. వాటిని కొట్టిపారేయలేం. కానీ 1936లో అపెండిక్స్ ఆపరేషన్ అంటే ఏమిటో కూడా తెలుసుకోవాలి. అప్పుడే ఆమె చావును పూర్తిగా అర్థం చేసుకోగలం.

రాజు బతికాడు, రాణి బతకలేదు

లండన్‌లోనే, అదే జబ్బుతో, అంతకు 34 ఏళ్ల ముందు ఒక రాజు మంచం పట్టాడు. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి 1902 జూన్ 26న ముహూర్తం పెట్టారు. దేశదేశాల నుంచి అతిథులు వచ్చేశారు. రెండు రోజుల ముందు ఆయనకు కడుపులో చీము పట్టింది. జూన్ 24న ఫ్రెడరిక్ ట్రీవ్స్ అనే సర్జన్ కోత పెట్టి చీము తీశాడు. రాజు కోలుకుని ఆగస్టు 9న కిరీటం పెట్టుకున్నాడు. ఆపరేషన్ చరిత్రలో ట్రీవ్స్ పేరు మారుమోగింది.

ఆ గదిలో ఇంకో డాక్టరు కూడా ఉన్నాడు. పేరు ఫ్రెడరిక్ హ్యూయిట్. రాజుకు మత్తు ఇచ్చింది ఆయనే. అరవై ఏళ్ల వయసు, భారీ కాయం, పొగతాగే అలవాటు, ఒంట్లో చీము. అలాంటి మనిషిని మత్తులోకి పంపి మళ్లీ వెనక్కి తీసుకురావడం కోత పెట్టడం కంటే తేలికైన పని కాదు. మత్తులో ఉన్నవారి నాలుక వెనక్కి పడి ఊపిరి ఆడకుండా చేస్తుంది. దాన్ని తప్పించడానికి నోట్లో పెట్టే గొట్టాన్ని హ్యూయిట్ 1908లో రూపొందించాడు. ఇవాళ ప్రతి అంబులెన్సులో ఉండే ప్లాస్టిక్ ఎయిర్‌వేకి అది తాత లాంటిది. అయినా ట్రీవ్స్ పేరు తెలిసినంతమందికి హ్యూయిట్ పేరు తెలియదు.

మహారాణి నాటికి పరిస్థితి కొంత మెరుగుపడింది, అయినా చాలదు. అపెండిక్స్ పగిలి చీము కడుపంతా పాకితే ఆపగల మందు లేదు. ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను 1928లో గమనించినా, అది మనుషుల మీద వాడకానికి వచ్చింది 1941లో. సల్ఫా మందులు లండన్ ఆసుపత్రుల్లో అప్పుడప్పుడే పరీక్ష దశలో ఉన్నాయి. రక్తం కావాలంటే దాతను పిలిపించుకోవాలి. ఇప్పటిలా సీసాల్లో నిలవ ఉండే బ్లడ్ బ్యాంకు లేదు. ఆపరేషన్ తర్వాత రోగిని రెండు మూడు వారాలు మంచం దిగనిచ్చేవారు కాదు. దానివల్ల కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ముప్పు ఉండేది. మత్తు విషయానికొస్తే ఈథర్, క్లోరోఫాం, నైట్రస్ ఆక్సైడ్. గుండె లయను చూపే తెర లేదు, రక్తంలో ఆక్సిజన్ చెప్పే వేలి క్లిప్పు లేదు. డాక్టరు వేలు నాడి మీద, కన్ను ఛాతీ మీద, అంతే.

ఆపరేషన్ తర్వాత ప్రత్యేకంగా కనిపెట్టుకుని ఉండే ఐసీయూ అనేదే అప్పటికి లేదు. అంటే, ఎవరి కుట్రా లేకపోయినా, 1936లో పాతికేళ్ల ఆరోగ్యవంతురాలు అపెండిక్స్‌తో చనిపోవడం సాధ్యమే. సామ్రాజ్యం మీద ఉన్న అనుమానం ఒకటి. ఆనాటి వైద్యానికి ఉన్న హద్దులు ఇంకొకటి. బస్తర్ మొదటి దాన్ని గుర్తుపెట్టుకుంది. రెండో దాన్నీ గుర్తుపెట్టుకోవడం అవసరం. ఎందుకంటే అది ఇంకా ముగియలేదు.

ముసుగు పట్టుకున్న మనిషి

మత్తు ఇవ్వడాన్ని బ్రిటన్ చాలాకాలం చిన్న పనిగానే చూసింది. ఇంగ్లండులోనే 1848లో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలి గోరు తీయించుకోవడానికి వెళ్లి క్లోరోఫాం వల్ల చనిపోయింది. ఆ తర్వాత కూడా చాలా ఆసుపత్రుల్లో మత్తు పని ఎవరికి తీరికుంటే వారు చేసేవారు. మత్తు వైద్యంలో ప్రత్యేక డిప్లొమాకు తొలి పరీక్ష లండన్‌లో జరిగింది 1935లో. మహారాణి మరణానికి కొద్ది నెలల ముందు. ఆక్స్‌ఫర్డ్‌లో ఈ శాస్త్రానికి ప్రొఫెసర్ పదవి వచ్చింది 1937లో. మహారాణి చనిపోయిన మరుసటి ఏడాది. వైద్యంలో ఒక విభాగం సొంత కాళ్ల మీద నిలబడే సమయానికి సరిగ్గా మధ్యలో ఆమె ఆపరేషన్ జరిగింది.

ఈ కథలో మన ఊరి పాత్ర కూడా ఉంది. క్లోరోఫాం వల్ల ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్న వివాదం తేల్చడానికి 1888, 1889లో హైదరాబాద్‌లో రెండు క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. నడిపింది రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. డబ్బు ఇచ్చింది ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ లాంటి శాస్త్రవేత్త వచ్చి ప్రయోగాల్లో పాల్గొన్నాడు. ఊపిరే ముందు ఆగుతుంది, కాబట్టి ఊపిరిని గమనించండి, నాడిని కాదు అని కమిషన్ తేల్చింది. హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో చదివిన పార్సీ వైద్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ కాలంలోనే క్లోరోఫాం ఇవ్వడంలో పేరు తెచ్చుకున్నారు.

లారీ చెప్పినదాంట్లో సగమే నిజం. మత్తు పలచగా ఉన్నప్పుడు క్లోరోఫాం గుండె లయను హఠాత్తుగా చెడగొట్టగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. ఊపిరినీ చూడాలి, నాడినీ చూడాలి, రెంటినీ చూడటమే పనిగా ఒక మనిషి ఉండాలి. ఈ పాఠం నేర్చుకోవడానికి ప్రపంచానికి వంద ఏళ్లు పట్టింది.

మహారాణి మరణం మీద అల్లుకున్న కథల్లో వైస్రాయ్ ఉంటాడు, నిజాం ఉంటాడు, బైలదిల్లా ఉంటుంది, సర్జన్ ఉంటాడు. ముసుగు పట్టుకున్న మనిషి మాత్రం ఉండడు. అనుమానించడానికైనా ఎవరికీ గుర్తుకురాని పాత్ర అది.

తల్లి లేని పిల్లలు

ఆమె చనిపోయే నాటికి ప్రవీర్ చంద్రకు ఇంకా ఏడేళ్లు నిండలేదు. గద్దె అతనికి వచ్చింది. మళ్లీ మైనరు రాజు, మళ్లీ అధికారుల పాలన. తల్లి కథే కొడుకు విషయంలో పునరావృతమైంది. పిల్లల పెంపకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం తండ్రి చేతుల్లో పెట్టలేదు. ప్రఫుల్ల చంద్రను బస్తర్‌కు దూరంగా ఉంచింది. తల్లి పోయింది, తండ్రి ఉండీ లేడు. గార్డియన్ల చేతుల్లో పిల్లలు పెరిగారు.

1948లో బస్తర్ భారతదేశంలో కలిసింది. ప్రవీర్ చంద్ర ఆదివాసుల నాయకుడిగా ఎదిగాడు. ప్రభుత్వంతో తలపడ్డాడు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనం ఆవరణలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అప్పటికి అతనికి 36 ఏళ్లు. తల్లిలా అతనూ పూర్తి జీవితం చూడలేదు. ఆ తర్వాత రెండేళ్లకే, 1968లో, బైలదిల్లా ఇనుము కొత్తగా వేసిన రైలు మార్గం మీద అరకు కొండల గుండా విశాఖపట్నం రేవుకు చేరడం మొదలుపెట్టింది. మహారాణి కాపాడాలనుకుందని జనం చెప్పుకునే కొండ అది.

ఆమె పేరున్న చోట

ఇప్పుడు మహారాణి ఆసుపత్రి దగ్గరికి వద్దాం. బస్తర్ అంతటికీ దశాబ్దాల పాటు అదే పెద్ద దిక్కు. 2006లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలకు తొలి ఏళ్లలో అదే బోధనాసుపత్రి. తర్వాత ఊరి బయట డిమ్రాపాల్‌లో పెద్ద భవనం వచ్చింది. రాయ్‌పూర్‌కు దాదాపు 300 కిలోమీటర్లు, విశాఖపట్నానికీ దాదాపు అంతే. మధ్యలో ఘాట్ రోడ్లు. సుక్మా, బీజాపూర్ అడవుల నుంచి వచ్చే వారికి జగదల్‌పూర్ చేరడమే ఒక ప్రయాణం. కోంటా వైపువారు చాలామంది భద్రాచలం ఆసుపత్రికి వస్తారు.

2013 మే 25న దర్భా దగ్గర జీరమ్ లోయలో కాంగ్రెస్ నేతల కాన్వాయ్ మీద మావోయిస్టులు దాడి చేశారు. నందకుమార్ పటేల్, మహేంద్ర కర్మ హతమయ్యారు. గాయపడిన వారిని తెచ్చింది జగదల్‌పూర్‌కే. కేంద్ర మాజీ మంత్రి విద్యాచరణ్ శుక్లా ఒంట్లో తూటాలున్నాయి. ఆయనను ఇక్కడి నుంచి విమానంలో గుర్‌గావ్ తరలించారు. జూన్ 11న ఆయన చనిపోయారు. మందుపాతర మీద కాలు పడిన ఆదివాసీ, ఎదురుకాల్పుల్లో గాయపడిన జవాను, కాన్పు అడ్డం తిరిగిన తల్లి, పాము కాటుకు ఊపిరి నిలిచిపోతున్న పిల్లవాడు. వీళ్లలో చాలామందికి ముందు కావలసింది సర్జన్ కాదు. ఊపిరి నిలబెట్టగల మనిషి.

ఎమర్జెన్సీలో మత్తు డాక్టరు పని మామూలు ఆపరేషన్‌లో లాంటిది కాదు. ముందే తేదీ ఇచ్చి చేసే ఆపరేషన్‌కు రోగి ఖాళీ కడుపుతో వస్తాడు. ప్రమాదంలో వచ్చినవాడు అప్పుడే అన్నం తిని ఉండొచ్చు. మత్తు ఇవ్వగానే కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే అదే చంపుతుంది. అందుకే సెకన్ల వ్యవధిలో మత్తిచ్చి గొంతులో గొట్టం దించాలి. రక్తం పోయి బీపీ పడిపోయినవాడికి మామూలు మోతాదు మత్తు ఇస్తే గుండె ఆగొచ్చు. అక్కడ కెటమిన్ పనికొస్తుంది. బీపీని పెద్దగా పడనివ్వదు, ఊపిరిని ఆపే అవకాశం తక్కువ, కరెంటు పోయినా ఇవ్వొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో అది 1985 నుంచీ ఉంది. రక్తం ఎంత ఎక్కించాలి, ఎవరిని ముందు థియేటర్‌లోకి తీసుకోవాలి, ఎవరిని స్థిరపరిచి పై ఆసుపత్రికి పంపాలి అన్న లెక్క కూడా చాలాసార్లు ఆ డాక్టరు చేతిలోనే ఉంటుంది.

అసలు ఇవాళ మనం ఎమర్జెన్సీ వైద్యం అనుకునే వాటిలో చాలా భాగం మత్తు డాక్టర్లు థియేటర్ దాటి బయటికొచ్చి కట్టినవే. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియోతో ఊపిరాడని పిల్లలకు గొంతులో గొట్టం పెట్టి, విద్యార్థులను వంతుల వారీగా కూర్చోబెట్టి చేతితో గాలి కొట్టించిన బ్యోర్న్ ఇబ్సెన్ మత్తు డాక్టరే. ఐసీయూ పుట్టింది అక్కడే. నోటితో ఊపిరి పోయడాన్ని శాస్త్రీయంగా నిరూపించి, 1960ల్లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో అంబులెన్సు సిబ్బందికి శిక్షణనిచ్చిన పీటర్ సఫర్ కూడా మత్తు డాక్టరే. 2005లో హైదరాబాద్‌లో మొదలైన మన 108 సేవలు నడిచేది ఆ దారిలోనే.

ఇక కొరత సంగతి. గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో స్పెషలిస్టుల కొరత దేశవ్యాప్తంగా దాదాపు 80 శాతమని కేంద్ర ప్రభుత్వ 2021-22 గణాంకాలే చెప్పాయి. ఆ లెక్కలో ఉండే నలుగురు సర్జన్, ఫిజీషియన్, గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు. మత్తు డాక్టరు ఆ నలుగురిలో లేరు. కొరతను లెక్కపెట్టే చోట కూడా ఆ మనిషి పక్కనే ఉండిపోయారు. సర్జన్ ఉండి, థియేటర్ ఉండి, మత్తు ఇచ్చేవారు లేక అంబులెన్సు ఎక్కే గర్భిణి కథ బస్తర్‌దే కాదు. మన ఏజెన్సీ మండలాల్లోనూ అందరికీ తెలిసిందే.

ఈ ఖాళీని కొంతైనా పూడ్చడానికి ఎంబీబీఎస్ డాక్టర్లకు ప్రాణరక్షక మత్తు నైపుణ్యాల పేరుతో 18 వారాల శిక్షణ మొదలుపెట్టారు. ఆ శిక్షణ పొందినవారు సిజేరియన్లకు మత్తు ఇవ్వగలరు. కానీ శిక్షణ పొందిన డాక్టరును అదే పనిలో, అదే ఊళ్లో ఉంచకపోతే ఆ 18 వారాలు వృథా. సర్జరీ మీద లాన్సెట్ పత్రిక వేసిన కమిషన్ 2015లో ఒక కొలమానం పెట్టింది. సిజేరియన్, కడుపు ఆపరేషన్, ఎముక బయటికొచ్చిన గాయానికి చికిత్స. ఈ మూడూ చేయగల ఆసుపత్రికి ఏ మనిషైనా రెండు గంటల్లో చేరగలగాలి. అబూజ్‌మాడ్ లోపలి గూడెం నుంచి రెండు గంటల్లో ఎంత దూరం రాగలరో బస్తర్ మ్యాపు చూసిన ఎవరైనా చెప్పగలరు.

1936లో బస్తర్ మహారాణి అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది లండన్‌లో. ఆ రోజు జగదల్‌పూర్‌లో ఒక మురియా రైతుకు అదే కడుపునొప్పి వచ్చి ఉంటే అతనికి ఆపరేషన్ అన్న మాటే ఉండేది కాదు. ఇద్దరి మధ్య దూరం అంత. ఇవాళ అపెండిక్స్ అంటే మూడు రోజుల్లో ఇంటికి పోయే జబ్బు. మహారాణి ప్రాణం తీసిన జబ్బు ఏ రైతుకూ ప్రాణం తీయకూడని కాలం వచ్చింది. కానీ ఆ కాలం అందరికీ ఒకేసారి రాలేదు. జగదల్‌పూర్‌లో వచ్చింది, అడవి లోపల ఇంకా రావాల్సి ఉంది.

ప్రఫుల్ల కుమారీ దేవి పాలించింది పద్నాలుగేళ్లు. ఆ పద్నాలుగేళ్లలో ఆమె సొంతంగా తీసుకోగలిగిన నిర్ణయాలు తక్కువ. ఆమె మరణం మీద అనుమానాలు ఎప్పటికీ పోకపోవచ్చు. వాటికి జవాబు వెతకాల్సింది చరిత్రకారులు. ఆమె పేరున్న ఆసుపత్రి గేటు ముందు ఆగే అంబులెన్సుకు మాత్రం జవాబు వెతకాల్సింది ప్రభుత్వాలు. అర్ధరాత్రి ఆ బండి వచ్చినప్పుడు లోపల సర్జన్ ఉంటే చాలదు. రోగి తల దగ్గర నిలబడి, అతని ప్రతి ఊపిరినీ లెక్కపెట్టే మనిషి కూడా ఉండాలి.